ఆరో పేజీలో సంతకం

ఫిబ్రవరి 2, సోమవారం

ఏడు నిమిషాలు. గడియారం సార్ నాకిచ్చిన టైమ్ అంతే.

ఆయన పేరు అది కాదు, మేం పెట్టుకున్నది. ఎదుట ఎవరు కూర్చున్నా మాటకోసారి మణికట్టు తిప్పి చూసుకుంటాడు. చరిత్ర డిపార్ట్‌మెంట్‌లో పాఠం చెప్తాడు, మా సొంత డిగ్రీ స్కీముకి కోఆర్డినేటర్ కూడా ఆయనే. మా ఖర్మ.

ఇది రాయకపోతే తల పగిలేలా ఉంది. మా యూనివర్సిటీలో రెండో ఏడాది వాళ్లు కావాలంటే తమ డిగ్రీ తామే కట్టుకోవచ్చు. మూడు డిపార్ట్‌మెంట్ల నుంచి పద్నాలుగు కోర్సులు ఏరుకోవాలి. అవెందుకో రెండు పేజీల్లో రాయాలి. దానికో పేరు పెట్టాలి. ఫారం మొత్తం ఆరు పేజీలు. ఆరో పేజీలో ముగ్గురు టీచర్ల సంతకాలు, వాటి కింద ఇంట్లో పెద్దవాళ్ల సంతకం. ఈ నెల 27 సాయంత్రం ఐదు లోపు ఆఫీసులో స్టాంపు వేయించుకోవాలి. లేదంటే జనరల్ డిగ్రీలో పడేస్తారు, అందులో ఏం చదవాలో వాళ్లే చెప్తారు.

నేను డిగ్రీ అయ్యాక లా స్కూల్‌కి వెళ్లాలి. ఆ మాట చెప్పగానే గడియారం సార్ మొహం వెలిగిపోయింది. లా అయితే చాలా ఈజీ అమ్మా, అందరూ తీసుకునేవే తీసుకో, పాలిటిక్స్, ఇంగ్లిష్, కాస్త చరిత్ర, ఓ డిబేట్ క్లబ్బులో చేరు, అన్నాడు. నేను నా లిస్టు చూపించాను. మెకానికల్ నుంచి ఐదు. భాషాశాస్త్రం నుంచి ఐదు. కార్మికుల చరిత్ర నుంచి నాలుగు. ఆయన చదివి, ఇదేంటమ్మా కలగూరగంపలా ఉంది, వీటికీ లాకీ ఏమిటి సంబంధం, అన్నాడు.

లిఫ్టు సార్, అన్నాను.

మణికట్టు తిప్పి చూసుకున్నాడు. అంతటితో అయిపోయింది.

ఫిబ్రవరి 3, మంగళవారం

బస్సులో గంటసేపు నాలో నేనే వాదించుకున్నాను. నిన్న నోరు పెగలలేదు. ఇక్కడైనా చెప్పి చస్తాను.

నాన్న పందొమ్మిదేళ్లు లిఫ్టు మెకానిక్. నాకు పదమూడేళ్లప్పుడు ఒక ఆఫీసు బిల్డింగులో బ్రేకు జారి లిఫ్టు ఒక అంతస్తు కిందికి పడింది. లోపల ఉన్నావిడ కాలు విరిగింది. అంతకు నాలుగు రోజుల ముందు ఆ లిఫ్టు చూసింది నాన్న. ఎంక్వైరీ పెట్టారు. అమ్మకి ఆ రోజు సెలవు దొరకలేదు, నాకు స్కూలు లేదు, అందుకని నాన్న నన్ను వెంట తీసుకెళ్లాడు. వెనక బెంచీలో కూర్చున్నాను.

ప్రతి లిఫ్టు పైన మెషిన్ రూములో ఒక కార్డు వేలాడుతూ ఉంటుంది. మెకానిక్ వచ్చినప్పుడల్లా అందులో సంతకం పెట్టి టైమ్ వేయాలి. కంపెనీ లాయరు ఆ కార్డు ఎత్తి చూపించాడు. ఈ సంతకం నీదేనా అన్నాడు. నాన్న అవునండి అన్నాడు. పది పదికి పెట్టావా? అవునండి. బ్రేకు మూత విప్పింది పదిన్నర దాటాకే కదా? అవునండి. అంటే బ్రేకు చూడకముందే బ్రేకు బాగుందని సంతకం పెట్టేశావన్నమాట, అంతేనా? నాన్న ఒక్క క్షణం ఆగి, అవునండి అన్నాడు.

నాన్న తరఫు లాయరు అప్పుడు తన బ్యాగులో ఏదో వెతుక్కుంటున్నాడు. లేచి ఒక్క ప్రశ్న అడగలేదు. నాన్న లైసెన్సు పోయింది. ఇప్పుడు ఒక రిపేరు షాపులో ఫ్యాన్లు, కుట్టు మిషన్లు బాగుచేస్తున్నాడు. టీవీలో నల్లకోటు కనబడితే చానెల్ మార్చేస్తాడు. ఈ ఇంట్లో ఆ కోటు వేలాడకూడదని ఒకసారి అన్నాడు, అదీ నవ్వుతూనే.

అందుకే నేను లా చదువుతానని ఇంట్లో తెలీదు. మెషిన్ల కోర్సు అని మాత్రమే చెప్పాను. నాన్న షాపంతా చాటుకున్నాడట.

ఇంకోటి కూడా రాస్తాను, ఇక్కడ ఎవరూ చూడరు కాబట్టి. ఆ లాయర్ల మీద ఎంత కోపమో నాన్న మీదా అంతే కోపం. చూడకముందే ఎందుకు పెట్టావు సంతకం? ఆరేళ్లుగా ఆ మాట నా గొంతులోనే ఉంది. అడిగితే ఏం చెప్తాడో అని భయం. బద్ధకంతో పెట్టానంటాడేమో అని భయం.

ఫిబ్రవరి 5, గురువారం

మెషిన్ల మేడం ఇంకో రకం. ఆఫీసు గదిలో కాదు, ల్యాబులో ఉంటుంది. జేబులో ఎప్పుడూ ఒక స్పానర్. నా లిస్టు చూసింది. లా వాళ్లు నా దగ్గరికి మెషిన్ల కోర్సు చేశామని చెప్పుకోడానికి వస్తారు, నట్టు ఏదో బోల్టు ఏదో తెలీదు, అంది. స్పానర్ పట్టని చేతికి నేను సంతకం పెట్టను, అంది. రెండు శనివారాలు ల్యాబుకి రమ్మంది. అక్కడ పాఠాల కోసం పెట్టిన పాత లిఫ్టు మెషిన్ ఉందట.

నేను లిఫ్టు మెకానిక్ కూతురినని చెప్పాను. అయితే నీకు తెలిసి ఉండాలే, అంది. ఏమీ తెలీదు. నాన్న ఎప్పుడూ నన్ను మెషిన్ రూములోకి రానివ్వలేదు. అక్కడ పైట, జుట్టు, గాజులు ఏవైనా చుట్టుకుంటాయని.

ఫిబ్రవరి 7, శనివారం

మూడు గంటలు నట్లు తుడిచాను. బ్రేకు దగ్గరికి పోనివ్వలేదు. ఎందుకంటే నట్లు తుడవడం రానివాళ్లు బ్రేకు విప్పకూడదట. పళ్లు నూరుకుంటూ తుడిచాను. రెండు నట్లు కిందపడి దొర్లిపోయాయి. ల్యాబు అటెండరు తాత వంగి తీసిచ్చి, కోపం మెషిన్ మీద చూపిస్తే అది తిరిగి చూపిస్తుందమ్మా, అన్నాడు.

ఫిబ్రవరి 9, సోమవారం

భాషాశాస్త్రం మాస్టారు ఒక్కరే మనిషిలా మాట్లాడారు. లిఫ్టు అనగానే కుర్చీ ముందుకు లాక్కున్నారు. మొత్తం చెప్పమన్నారు. చెప్పాను. ఆ ఎంక్వైరీలో మాటలన్నీ ఎవరైనా రాసుకున్నారా అన్నారు. టైపు చేసిన కాపీ ఇచ్చారు, అమ్మ దగ్గర ఉంది, అన్నాను. అయితే ఒక పని చెయ్యి, నాన్నగారిని అడిగిన ప్రశ్నలన్నీ రెండు కుప్పలు చెయ్యి, అవును కాదు అని తప్ప జవాబు చెప్పలేనివి ఒక కుప్ప, మిగతావి ఇంకో కుప్ప, అన్నారు.

అమ్మ అది బీరువాలో చలికాలం బట్టల కింద దాచింది. ఎందుకని అడగలేదు. అమ్మ రెడీమేడ్ షర్టుల ఫ్యాక్టరీలో చెకింగ్ చేస్తుంది. రోజూ కొన్ని వందల కాలర్లు తిప్పి చూసే మనిషి. నా మొహం ఒకసారి తిప్పి చూసి కాగితాలు ఇచ్చేసింది.

ఫిబ్రవరి 10, మంగళవారం

ముప్పై ఒక్క ప్రశ్నలు. ఇరవై తొమ్మిది ఒక కుప్పలో. రెండో కుప్పలో రెండే. మీ పేరేంటి, మీ వయసెంత.

నాన్నని ఆ గదిలో గంటసేపు నిలబెట్టి, పేరూ వయసూ తప్ప ఇంకేమీ చెప్పుకునే సందు ఇవ్వలేదు. ఒళ్లు మండిపోయింది. లంచ్ డబ్బా మూత విసిరికొట్టాను, అది గోడకి తగిలి సొట్ట పడింది. అమ్మకి సమాధానం చెప్పుకోవాలి.

మాస్టారికి చూపించాను. ఆయన రెండు కుప్పలూ మళ్లీ లెక్కపెట్టారు. ఇది చాలమ్మా, నేను సంతకం పెడతాను, అన్నారు.

ఫిబ్రవరి 14, శనివారం, మధ్యాహ్నం 2

ల్యాబు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. చేతులు ఇంకా జిడ్డుగానే ఉన్నాయి, ఈ పేజీ అంతా నల్ల మరకలు. పడనీ.

ఇవాళ బ్రేకు విప్పించింది. మూత, స్ప్రింగులు, ఆ తర్వాత డ్రమ్మును రెండు వైపులా పట్టుకునే రెక్కలు. పాత మెషిన్, ఎక్కడ చూసినా గ్రీజే. గంటన్నర పట్టింది. మోచేతుల దాకా నల్లగా అయ్యాయి. సబ్బు పెట్టి రుద్దాను, పోలేదు. గోళ్లలో, గీతల్లో, అన్నింట్లో అదే. అయ్యాక ల్యాబు రికార్డులో సంతకం పెట్టాలని పెన్ను తీసుకున్నాను. పేజీ మీద చెయ్యి ఆనించానో లేదో బొటనవేలు మొత్తం అచ్చు పడింది. నా పేరు కూడా కనబడలేదు.

అటెండరు తాత పరిగెత్తుకొచ్చాడు. అయ్యో తల్లీ, రికార్డంతా పాడుచేశావే, అన్నాడు. ఈ పని చేసేవాళ్లెవరైనా వచ్చీరాగానే సంతకం పెట్టేసుకుంటారమ్మా, చేతులు శుభ్రంగా ఉన్నప్పుడే, పని అయ్యాక కాగితం ముట్టుకోగలరా ఎవరైనా, మేమంతా అట్లాగే చేశాం, అన్నాడు.

మామూలుగా అన్నాడు. తుడవడానికి గుడ్డ కోసం వెళ్లిపోయాడు కూడా.

నేను అక్కడే నిలబడిపోయాను.

కార్డు పాడవకూడదని. అంతే. కార్డు శుభ్రంగా ఉండాలని పందొమ్మిదేళ్లు ముందే సంతకం పెట్టాడు మా నాన్న. ఆ సంతకం అర్థం నేను వచ్చాను అని. పని అయింది అని కాదు. మెకానిక్‌లందరికీ తెలుసు. ఆ గదిలో ఒక్కడికీ తెలీదు. నాకూ తెలీదు. ఆరేళ్లు నేను కూడా ఆ లాయరులాగే అనుకున్నాను. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఫిబ్రవరి 14, రాత్రి 8

నోరు జారాను.

ఇంటికి వెళ్లి సంతోషంగా చెప్దామనే అనుకున్నాను, ఒట్టు. నాన్న కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. చూడగానే కోపం నషాళానికి అంటింది. ఎందుకు చెప్పలేదు అని అరిచాను. చేతులకి గ్రీజు అంటుతుందని ఒక్క మాట చెప్తే సరిపోయేది కదా, నీ నోట్లో ఏముంది, ఎందుకు అన్నింటికీ అవునండి అవునండి అన్నావు అని అరిచాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

నాన్న నెమ్మదిగా చెప్పాడు. మన లాయరే చెప్పాడమ్మలూ, అడిగినదానికి అవును కాదు అని చెప్పు, ఎక్కువ మాట్లాడితే ఇరుక్కుంటావు అన్నాడు, ఎవరైనా ఎందుకు అని అడుగుతారేమోనని చూశాను, ఎవరూ అడగలేదు, అన్నాడు.

నేను అడుగుతాను, లాయరునై నేను అడుగుతాను, అందుకే ఈ చదువు, అన్నాను.

నాన్న నా వైపు చూశాడు. మెషిన్ల చదువు అన్నావు, అన్నాడు. షాపులో అందరికీ చెప్పాను, అన్నాడు. ఆ రెండో మాట విన్నాక నాకు నేల చీలి లోపలికి పోతే బావుండు అనిపించింది. కానీ నోరు ఊరుకోలేదు. లా కోసమే, మూడూ లా కోసమే, అన్నాను.

ఆయన లేచి చొక్కా వేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

ఫిబ్రవరి 15, ఆదివారం

నాన్న మాట్లాడటం లేదు. నేనూ మాట్లాడటం లేదు. అమ్మ ఇద్దరితోనూ మాట్లాడటం మానేసి ప్రెషర్ కుక్కరుతో మాట్లాడుతోంది.

ఫిబ్రవరి 17, మంగళవారం

ఆఫీసులో ఒక గుమాస్తా ఉన్నాడు. స్టాంపు ప్యాడ్ సిరాతో వేళ్లు ఎప్పుడూ నీలంగా ఉంటాయి. ముందే చూపించుకుంటే మంచిదని అందరూ అంటే ఫారం తీసుకెళ్లాను. రెండో పేజీలో నీళ్ల చుక్క పడిన మరక. నాలుగో పేజీలో ఒక అంకె దిద్దాను. అంతే, ఫారం బల్ల మీద నా వైపు తోసేశాడు. మరకలుండకూడదు, దిద్దుబాట్లుండకూడదు, కొత్త ఫారం తీసుకుని మళ్లీ రాయండి, అన్నాడు. ముఖ్యంగా ఆరో పేజీ, దాని మీద ఏదైనా పడితే నాలుగు సంతకాలూ మళ్లీ పెట్టించుకు రావాలి, అన్నాడు.

నీలం వేళ్లతో నా ఫారం పట్టుకునే అన్నాడు ఇదంతా. ఆయన వేళ్లు అంటిన చోట నీలం గుర్తు పడింది. అది మరక కాదట.

ఆరు పేజీలూ మళ్లీ రాశాను. చెయ్యి పడిపోయింది.

ఫిబ్రవరి 18, బుధవారం

ఇవాళ జరిగింది తల్చుకుంటే ఇప్పటికీ ఉడికిపోతున్నాను.

గడియారం సార్ దగ్గరికి కొత్త ఫారంతో వెళ్లాను. ఆయన అభ్యంతరాలకి జవాబులు రాత్రి కూర్చుని సిద్ధం చేసుకున్నాను. మెషిన్ ఎందుకంటే సాక్ష్యం మెషిన్‌లో ఉంటుంది. భాష ఎందుకంటే ప్రశ్న ఎలా అడుగుతావో జవాబు అలాగే వస్తుంది. చరిత్ర ఎందుకంటే ఆ కార్డు మీద సంతకానికి ఒకటే గీత ఎందుకుందో, పని మొదలుకి ఒకటీ, చివరికి ఒకటీ ఎందుకు లేదో, అది ఎవరు నిర్ణయించారో తెలియాలి. అన్నీ బట్టీ పట్టినట్టు నోటికొచ్చు.

ఆయన ఫోన్లో ఉన్నాడు. చెయ్యి చాపాడు. నేను ఫారం ఇచ్చాను. తిన్నగా ఆరో పేజీ తిప్పాడు. సంతకం పెట్టాడు. తేదీ వేశాడు. తిరిగిచ్చేశాడు.

సార్, చదవలేదు మీరు, అన్నాను.

ఫోన్ చేత్తో మూసి, చదువుతానమ్మా తీరిగ్గా, నీకు కావాల్సింది సంతకమే కదా, అన్నాడు. మణికట్టు చూసుకున్నాడు. 26 నుంచి కాన్ఫరెన్సు, ఊళ్లో ఉండను, ఏమైనా ఉంటే ఈలోపు రా, అన్నాడు.

చూడకముందే సంతకం. ఈయన లైసెన్సు ఎవరు తీసేస్తారు? చేతికి గ్రీజు లేదు, మట్టి లేదు, గోళ్లు శుభ్రంగా కత్తిరించుకుని ఉన్నాడు. ఈయన్ని బోనులో నిలబెట్టి పది పదికి ఏం చేశారు సార్ అని అడగాలి. కారిడార్‌లో గోడని కాలితో తన్నాను. గోడకేమీ కాలేదు. నా చెప్పు తెగింది.

సంతకం మాత్రం పడింది. అది కూడా రాయాలి. నేను ఫారం వెనక్కి లాక్కుని చదివాకే పెట్టండి అనలేదు. నోరు మూసుకుని థాంక్యూ సార్ అన్నాను.

ఫిబ్రవరి 20, శుక్రవారం

మాస్టారు మొత్తం చదివి, రెండు చోట్ల కామాలు పెట్టించి సంతకం పెట్టారు. మేడం నిలబడే చదివారు. నాలుగో పేజీలో ఆగి, డిగ్రీ పేరు పైకే చదివారు. యంత్రం, పని, మాట. ఇదేం పేరు, ఎవరికీ అర్థం కాదు, అన్నారు. అర్థమయ్యేవాళ్లకి అవుతుంది మేడం, అన్నాను. స్పానర్ పక్కన పెట్టి, చేతులు గుడ్డకి తుడుచుకుని, కాగితం అంచు మాత్రం పట్టుకుని సంతకం పెట్టారు. నాలుగేళ్లలో నేను సంతకం పెట్టిన మొదటి లా పిల్లవి, అన్నారు.

మిగిలింది ఒక్క గీత. దాని కింద అచ్చులో ఉంది: తండ్రి లేదా సంరక్షకుడు.

తల్లి అని లేదు. అమ్మ చదివి, కాలర్ వంకర, రిజెక్ట్, అంది.

ఫిబ్రవరి 22, ఆదివారం

అడిగాను. ఆరు పేజీలూ ముందు పెట్టి, నాన్నా సంతకం పెట్టు, అన్నాను. ఎనిమిది రోజుల తర్వాత మా ఇద్దరి మధ్య మొదటి మాట అదే.

నేను దేనికీ సంతకం పెట్టను, పెట్టి చూశాను కదా ఒకసారి, అన్నాడు.

నా దగ్గరున్న జవాబులన్నీ గడియారం సార్ కోసం తయారు చేసుకున్నవి.

ఫిబ్రవరి 24, మంగళవారం

ఫారం బల్ల మీదే వదిలేసి కాలేజీకి వెళ్లాను. ఈ కోర్సులే ఎందుకో రాసిన రెండు పేజీల జిరాక్స్ కాపీ కూడా దాని పక్కనే ఉంది. సాయంత్రం వచ్చేసరికి ఫారం ఎలా పెట్టింది అలాగే ఉంది. సంతకం లేదు. కాపీ మీద మాత్రం పెన్సిల్ రాతలు. నాన్న అక్షరాలు, చీమల బారులా చిన్నవి.

బ్రేకు స్ప్రింగు వదులైతే లిఫ్టు జారుతుందని రాశాను నేను. దాని కింద గీత గీసి, స్ప్రింగు కాదు, రెక్కల లోపలి పట్టీ అరిగింది, కొత్తది వెయ్యాలని మూడుసార్లు కంపెనీకి చెప్పాను, అని రాశాడు.

మూడుసార్లు చెప్పాడట! ఆ ముప్పై ఒక్క ప్రశ్నల్లో అది కూడా ఎవడూ అడగలేదు. గుడ్లలో నీళ్లు తిరిగాయి. ఏడ్చింది బాధతో కాదు, ఒట్టి కోపంతో. నాకు కోపం వస్తే ఏడుపొస్తుంది, అది ఒక రోగం, లా స్కూల్‌కి వెళ్లేలోపు వదిలించుకోవాలి.

ఇంకో చోట, నా మొదటి వాక్యం పక్కన పెన్సిల్‌తో చిన్న టిక్కు. ఆ వాక్యం ఇది: మా నాన్న పని మొదలుపెట్టే ముందు సంతకం పెట్టేవాడు, ఎందుకని ఎవరూ అడగలేదు, నాతో సహా.

అమ్మని అడిగాను, నాన్న ఎప్పుడు చదివాడని. పొద్దున్న షాపుకి లేటుగా వెళ్లాడు, అంది. ఆరేళ్లలో ఆ మనిషి షాపుకి లేటవడం ఇదే మొదటిసారి, అని కూడా అంది.

ఫిబ్రవరి 26, గురువారం

సంతకం లేదు. గడియారం సార్ కాన్ఫరెన్సుకి వెళ్లిపోయాడు. రేపు ఐదింటి దాకే గడువు.

స్ప్రింగు వాక్యం దిద్దాలంటే ఆ పేజీ మొత్తం మళ్లీ రాయాలి. రాశాను. నాన్న చెప్పింది తప్పుగా ఉంచి ఎలా ఇవ్వను?

ఫిబ్రవరి 27, శుక్రవారం, మధ్యాహ్నం 3.40, బస్సులో

రాత అంతా వంకరగా వస్తోంది. బస్సు కుదుపులు.

ఒంటిగంటకి క్లాసు ఎగ్గొట్టి నాన్న షాపుకి వెళ్లాను. బతిమాలడానికి కాదు, పోట్లాడటానికే వెళ్లాను. దారంతా మాటలు కూడబెట్టుకున్నాను. నువ్వు పెట్టకపోతే నేను జనరల్ డిగ్రీలో పడతాను, ఆ లాయరు రెండోసారి గెలుస్తాడు, అని చెప్దామనుకున్నాను.

చిన్న షాపు. లోపల ముగ్గురు పనిచేస్తారు. గోడలకి ఫ్యాన్ రెక్కలు వేలాడుతూ ఉన్నాయి. నాన్న కింద కూర్చుని ఒక కుట్టు మిషన్ విప్పి పెట్టుకున్నాడు. నన్ను చూశాడు, నా చేతిలో ఫారం చూశాడు. షాపు ఓనరు, మీ మెషిన్ల అమ్మాయా, అన్నాడు. నాన్న చెప్పాడు, మెషిన్లు చదువుతుంది, తర్వాత లాయరు అవుతుంది.

మొహం చూడకుండా చెప్పాడు, స్క్రూ తిప్పుతూ. కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటు పోయాయో తెలీదు.

పెన్ను ఇచ్చాను. ఆగు, పని అవనీ, అన్నాడు. నాన్నా ఐదింటికి మూసేస్తారు, ఇంకా బస్సు ఎక్కాలి, అన్నాను. ఈసారి పని అయ్యాకే పెడతాను, అన్నాడు. స్టూలు చూపించాడు. కూర్చున్నాను. ఒకటిన్నర. రెండు. రెండూ పావు. ఒక్కో పళ్లచక్రం తీసి, తుడిచి, నూనె వేసి, మళ్లీ పెట్టాడు. నేను గోళ్లు కొరుక్కుంటూ, కొరకొరా చూస్తూ, లోపల బూతులు తిట్టుకుంటూ కూర్చున్నాను. నాన్న పని చేస్తుంటే ఇంత దగ్గర నుంచి చూడటం నాకు ఇదే మొదటిసారని కాసేపటికి తట్టింది. తిట్టుకోవడం అయితే ఆపలేదు.

మూడున్నరకి పది నిమిషాలుందనగా మిషన్ తిప్పి చూశాడు. చప్పుడు లేకుండా తిరిగింది. దారం ఎక్కించి ఒక గుడ్డ ముక్క మీద కుట్టు వేశాడు, వెనక్కి తిప్పి చూశాడు. అప్పుడు చెయ్యి చాపాడు.

నాన్నా చేతులు, అని అరిచాను. కడుక్కో, మరక పడితే తీసుకోరు, సార్ ఊళ్లో లేడు, మళ్లీ సంతకాలు దొరకవు, అన్నాను. ఓనరు కూడా తలెత్తి చూశాడు.

నాన్న ఫారం తీసుకున్నాడు. మొదటి పేజీ నుంచి తిప్పాడు, అంచులు పట్టుకుని, ఒక్క చుక్క అంటకుండా. నేను మార్చి రాసిన పేజీ దగ్గర ఆగి ఆ వాక్యం చదివాడు. తల ఊపాడు. ఆరో పేజీకి వచ్చాడు. ఎడమచెయ్యి కాగితం మీద గట్టిగా ఆనించి సంతకం పెట్టాడు. తేదీ వేశాడు. గోడ మీద గడియారం చూసి టైమ్ కూడా వేశాడు, ఫారంలో టైమ్‌కి చోటు లేకపోయినా. 3.22.

చెయ్యి తీస్తే ఉంది. బొటనవేలు, నల్లగా, గీతలతో సహా, ఆయన సంతకం పక్కనే.

ఏం చేశావు నాన్నా, అన్నాను.

ఇది సరైన సంతకం అమ్మలూ, వెళ్లు, బస్సు పోతుంది, అన్నాడు.

ఇప్పుడు ఫారం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తుడవబోతే ఇంకా అలుక్కుంటుంది. ఆయన మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. మొత్తం చదువు ఒక వేలి కింద పెట్టాడు ఈ మనిషి. మొదటి మూడు స్టాపులూ ఆ మరకకేసి చూడకుండా కిటికీలోంచి చూశాను. నాలుగో స్టాపులో చూశాను.

ఇంక దాన్ని దాచను.

ఫిబ్రవరి 27, సాయంత్రం 4.52

గుమాస్తా ఐదు పేజీలు తిప్పి ఆరోది దీపం కిందికి జరిపాడు. ఇదేంటమ్మా మరక, ఎందుకు పడింది, అన్నాడు.

ఎందుకు అని అడిగిన మొదటి మనిషి ఈయనే. నేను చెప్పాను. పని అయ్యాక పెట్టిన సంతకమండి, అన్నాను.

ఆయన కాగితం వైపు చూశాడు. తన నీలం వేళ్ల వైపు చూసుకున్నాడు.

స్టాంపు వేశాడు.